బసలింగమ్మ పిడికిలి

“నాకేం కాలేదని చెప్పు నందీ, నీ పెండ్లానికి.”

బసలింగమ్మ ఆ మాట గోడవైపు తిరిగి అంది. ఆ పెండ్లాం, అంటే శైలశ్రీ, దేవుడి గది గడప అవతలే నిలబడి ఉంది. చెయ్యి చాపితే అత్త భుజం తగులుతుంది. మాట చెవిన పడలేదేమో అనుకోవడానికి వీల్లేదు. అయినా నందీశ్వర్ భార్య వైపు తిరిగి, “ఏం కాలేదంటుంది,” అన్నాడు.

“ఇన్న. ఏం కాకుంటె పూజ నడుమ విభూతి పళ్ళెం ఎందుకు జారిందో అడుగు.”

“అవ్వా, పళ్ళెం ఎందుకు జారింది?”

“జారుతది. పళ్ళెమన్నంక జారదా? ముసలిదాన్నయిన. పళ్ళెం జారితె కూడ దవాఖానకు పోవాల్నా?”

విభూతి గచ్చు మీద చెల్లాచెదురుగా పడి ఉంది. ఆవిడ చీర కుచ్చిళ్ళ మీద కూడా పడింది. దాన్ని దులుపుకునే ప్రయత్నం ఆవిడ చేయలేదు. పూజ పాత్రకు ఇంత మైల అంటితే ఊరుకోని మనిషి, విభూతి కాళ్ళకింద పడితే చూస్తూ కూర్చుంది. శైలశ్రీకి మొదట అనుమానం అక్కడే వచ్చింది.

బసన్న పోయిన నాటి నుంచి ఈ ఇంట్లో అత్తాకోడళ్ళకు మాటల్లేవు. బసన్న బసలింగమ్మకు తోడబుట్టిన అన్న. కంగ్టి నుంచి గుండెనొప్పితో వచ్చి, శైలశ్రీ పనిచేసే నర్సింగ్ హోంలో, ఆమె డ్యూటీలో ఉండగానే కన్నుమూశాడు. గొడవ అందుకు కాదు. ప్రాణం పోయేవేళ ఆయన మెడలో ఇష్టలింగం ఉంచుకునే వెండి లింగకాయ లేదు. పుట్టిన నాటి నుంచీ ఒంటి మీంచి దించని లింగాన్ని కోడలే తీసి, దూదీ కత్తెరా పెట్టే స్టీలు తట్టలో పడేసిందని కబురు ఇల్లు చేరింది.

“నా అన్న లింగం లేకుండ పోయిండు,” అని బసలింగమ్మ ఒక్కసారే అంది. ఆ తరువాత కోడలితో అన్నది ఏమీ లేదు. చాయ్‌లో చక్కెర ఎక్కువైనా, ఆరేసిన బట్టలు తీయాలన్నా, అన్నీ కొడుకు మీదుగానే వెళ్ళేవి. శైలశ్రీ కూడా తక్కువ తినలేదు. గడప దాటి దేవుడి గదిలోకి వెళ్ళడం మానేసింది.

నందీశ్వర్‌కు ఇంటి కిందే పప్పుల దుకాణం. కందులు తూచేటప్పుడు గింజ తేడా రానివ్వడని గంజ్‌లో పేరు. ఇంట్లో మాటలను మాత్రం తరుగు తీయకుండా ఏనాడూ చేరవేయలేదు. తల్లి పది అంటే భార్యకు ఆరు చెప్పేవాడు. భార్య ఆరు అంటే తల్లికి మూడు చెప్పేవాడు. తన వల్లనే ఇల్లు నడుస్తోందని అతని నమ్మకం.

శైలశ్రీ డ్యూటీకి బయలుదేరబోతూ నీలం నర్సు డ్రెస్సులో ఉంది. గడప దగ్గరే ఆగి, ముందు కళ్ళతో చూసింది. నోటితో అడగడం ఆ తర్వాతి పని. ఫ్యాన్ తిరుగుతున్నా అత్త పై పెదవి మీద చెమట. ముఖంలో రంగు లేదు. మాట మాటకీ మధ్య చిన్నగా ఊపిరి తీసుకుంటోంది. వీపు గోడకు ఆనించలేదు, ముందుకు వంగి కూర్చుంది.

“నొప్పి ఎప్పటి సంది ఉన్నదో అడుగు.”

“అవ్వా, నొప్పి ఎప్పటి సంది?”

“నొప్పని ఎవరన్నరు? బరువన్న. పొద్దున లేచినకాడి నుంచి. రొమ్ము మీద రోలు పెట్టినట్టున్నది.”

“కొంచెం బరువుగున్నదంట,” అన్నాడు నందీశ్వర్.

“కొంచెం అనలే. రోలు అన్నది. తరుగు తియ్యకు.”

నందీశ్వర్ నొచ్చుకున్నాడు. “గ్యాసే అయ్యుంటది శైలా. రాత్రి మిర్చీలు తిన్నది.”

“గ్యాసయితె నాకూ మంచిదే. దమ్ము పీల్చుకుంటె పొడిచినట్టు అయితుందా?”

“లేదు,” అంది బసలింగమ్మ, కొడుకు అడిగేదాకా ఆగకుండా. కానీ గోడకే చెప్పింది.

“ఆ జాగల ఒత్తుకుంటె ఎక్కువైతుందా?”

“లేదు.”

“ముందుకు వంగినా వెనుకకు వాలినా మారుతుందా?”

“లేదంటున్న గద! ఏం లేదు!”

ఒక్కొక్క ‘లేదు’నూ ఆవిడ పంచాయితీలో నెగ్గినట్టు చెప్పింది. నర్సుకు వాటిల్లో ఒక్కటీ నచ్చలేదు. ఊపిరికీ, ఒత్తుడికీ, వంగుడికీ మారని బరువు కండరాలది కాకపోవచ్చు, గ్యాసుదీ కాకపోవచ్చు. పైగా ఆవిడకు చక్కెర జబ్బు ఉంది. చక్కెర ఉన్నవాళ్ళకు లోపల ఎంత జరుగుతున్నా పైకి కొంచెమే తెలుస్తుంది. ఆ కొంచెమే రోలంత ఉందంటే లోపలిది ఎంతో చెప్పలేం.

“సున్నా నుంచి పది దాక చెప్పుకుంటె, నొప్పి ఎంతున్నదో అడుగు.”

“నొప్పికి లెక్కేంది?” బసలింగమ్మ కొడుకు మీద కసురుకుంది. “కందులా, తూచి చెప్పనీకి?”

“ఉత్తగ అంచనాకు అవ్వా.”

ఆవిడ కాసేపు ఆలోచించింది. “నిన్ను కన్నప్పటి కంటె తక్కువ.”

నందీశ్వర్ తేలిగ్గా ఊపిరి వదిలాడు. “తక్కువేనంట శైలా.”

“ఎంత తక్కువనో అడుగు.”

“కొంచెమే తక్కువ,” అంది బసలింగమ్మ.

నందీశ్వర్ ముఖం వాడిపోయింది. అప్పుడే అతని చేతిలోని ఫోన్ మోగింది. తల్లి చేతిలోంచి పళ్ళెం జారగానే అతను భార్యను పిలవకుండా బీదర్‌లో ఉన్న అక్క సౌభాగ్యకు ఫోన్ కొట్టాడు. ఆవిడ ఇప్పుడు తిరిగి చేస్తోంది. అతను స్పీకర్ పెట్టాడు.

“గా దవాఖానకు మాత్రం తోల్కపోకు తమ్మీ,” అంది సౌభాగ్య. “మామ పాణం ఆడనే పోయింది. అవ్వను కార్ల ఎక్కించుకొని ఈడికి తీస్కరా. అప్పటిదాక వాము నీళ్ళు తాపు.”

“బీదర్ గంట పైనే పడ్తది వదినా,” అంది శైలశ్రీ గడప దగ్గరి నుంచి.

“నేను నీతోటి మాట్లాడలే,” అని సౌభాగ్య ఫోన్ పెట్టేసింది.

కోడలితో మాట్లాడని జబ్బు ఆ ఇంట్లో ఒక్కరిది కాదు. శైలశ్రీ భర్త వైపు చూసింది. అతను ఫోన్ వైపు, తల్లి వైపు, తలుపు వైపు చూశాడు. ఎటూ తేల్చుకోలేని మనిషికి చూడ్డానికి చోట్లు చాలా ఉంటాయి.

“ముందు ఈడ ఈసీజీ తీద్దాం,” అంది శైలశ్రీ. “సందు మలుపు తిరిగితె దవాఖాన. ఈసీజీ మంచిగుంటె నేనే బీదర్ కారు ఎక్కిస్త. మంచిగ లేకుంటె తొవ్వల ఏమన్న అయితె ఏం చేస్తవ్? నీ చేతుల స్టీరింగ్ తప్ప ఏముంటది?”

“అక్క ఏమనుకుంటదో...”

“ఏమన్న అనుకోనీ. ఇగ ఒక్కటే అడుగు అత్తమ్మను. నొప్పి ఎక్కడున్నదో ఒక్క వేలితోని చూపియ్యమను.”

బసలింగమ్మ ఎడమ చెయ్యి రొమ్ము మీదే ఉంది. వెండి లింగకాయ చుట్టూ వేళ్ళు బిగుసుకొని ఉన్నాయి.

“లింగం వదిలి చూపియ్యవ్వా,” అన్నాడు కొడుకు.

“వదల.”

“మరెట్ల చూపిస్తవ్?”

“చూపిస్తనే ఉన్న గద!” ఆవిడకు నిజంగానే విసుగొచ్చింది. పిడికిలితో రొమ్మును ఇంకా గట్టిగా అదుముకుంది. “కండ్లు లేవా? గిదే. ఇంతకంటె ఏం చూపియ్యాలె?”

శైలశ్రీ ఆ పిడికిలిని చూసింది.

నర్సింగ్ హోంలో కొత్తగా చేరిన నిరోషకు ఈ పాఠం చెప్పింది తనే. ‘వేలు పెట్టి ఈడ అని చూపించేటోళ్ళు వేరు. గుండెనొప్పోళ్ళు వేలు చూపియ్యరు, పిడికిలి చూపిస్తరు. ఆ పిడికిలి చూసినంక ఇగ కూసోవద్దు’ అని. చెప్పి, అలవాటుగా ఇంటికి వచ్చి, అదే పిడికిలిని రోజూ చూస్తూ తిరిగింది.

మెట్ల మధ్య ఆగిపోయి రొమ్ము మీద పిడికిలి పెట్టుకున్నప్పుడు చూసింది. మిద్దె మీద కందులు ఎండబోసి వచ్చి వాకిట్లో కూలబడ్డప్పుడు చూసింది. నిన్న వంటింటి గుమ్మంలో తను ఎదురుపడ్డప్పుడూ చూసింది. ఎదురుపడినప్పుడల్లా అత్త లింగాన్ని తన నుంచి కాపాడుకుంటోందనుకుంది. దొంగను చూసినట్టు చూస్తోందనుకొని ముఖం తిప్పుకుంది. కోపమనుకున్నది నొప్పి. కోపం కూడా ఉండే ఉంటుంది, లేదని కాదు. కానీ నొప్పి ఉంది.

శైలశ్రీకి భయం వేసింది. సిగ్గు కూడా వేసింది గానీ దానికిప్పుడు తీరిక లేదు. చెప్పులు విడిచి, గడప దాటి, విభూతి మీద నుంచే నడిచి వెళ్ళి అత్త కుడి మణికట్టు పట్టుకుంది.

“గడప దాటిందేంది?” అంది బసలింగమ్మ కొడుకుతో.

“దాటిందవ్వా,” అన్నాడు నందీశ్వర్. ఈసారి తరుగేమీ తీయలేదు.

చెయ్యి చల్లగా, తడిగా ఉంది. నాడి తొందర తొందరగా కొట్టుకుంటూ, అక్కడక్కడ తప్పుతోంది. బసలింగమ్మ చెయ్యి లాక్కోలేదు. లాక్కునే సత్తువ లేక ఊరుకుందో, ఎందుకు ఊరుకుందో తెలియదు.

“మెట్లెక్కినప్పుడు గిట్లనే అయ్యేదా? కూసుంటె తగ్గేదా?” శైలశ్రీ నాడి మీంచి చూపు తిప్పకుండా అడిగింది.

“అయ్యేది. కూసుంటె తగ్గేది. ఇయ్యాల తగ్గుతలేదని చెప్పు.”

“ఇన్ని దినాలు నాకెందుకు చెప్పలే అవ్వా?” అన్నాడు నందీశ్వర్.

కింద దుకాణంలో ఎవరో బస్తా దించిన చప్పుడయింది.

“చెప్తె దవాఖానంటరు,” అంది బసలింగమ్మ చివరికి. “దవాఖానంటె లింగం తీస్తరు.”

శైలశ్రీ నర్సింగ్ హోం డాక్టర్ కోమలకు ఫోన్ చేసి, చూసినదీ విన్నదీ పొడిపొడిగా చెప్పింది. కడుపులో పుండు లేదని, ఒంటికి పడని మందులేవీ లేవని కూడా చెప్పింది. ఆవిడ సరేననగానే తన సంచిలోంచి రక్తం గడ్డ కట్టనివ్వని గోళీ ఒకటి తీసి భర్త చేతిలో పెట్టింది. “నమిలి మింగమను. జల్దీ.”

“బేడ,” అంది బసలింగమ్మ. వద్దనాలన్న పట్టుదల ఎక్కువైనప్పుడు ఆవిడ నోట పుట్టింటి కన్నడమే వస్తుంది. “పూజ కాలే. పూజ కాకుండ నోట్లె ఏం పెట్టుకోను.”

“గోళీ అవ్వా! తిండి గాదు!”

“ఏదైతేంది. నీళ్ళు గూడ తాగను.”

నందీశ్వర్ అరవబోయాడు. శైలశ్రీ ఆపింది. వాదన పెట్టుకుంటే ఆవిడ గుండె మీదే భారం పడుతుందని ఆమెకు తెలుసు. “అయితె పూజ ముగించమను. ఎంతసేపు పడ్తది? లింగం చేతిల పట్టుకొని ఒక్క పువ్వు పెట్టమను, చాలు.”

“ముగిద్దామనే కూసున్న గద పొద్దటి సంది,” అంది బసలింగమ్మ. ఆ గొంతులో ఇప్పుడు పౌరుషం లేదు. “ఎడమ చెయ్యి లేస్తలేదు నందీ. లింగం పెట్టుకొని లేపుతె భుజం కాడ గుంజి, దవడ దాక వస్తుంది. అందుకే పళ్ళెం జారింది.”

ఎడమ చెయ్యి, భుజం, దవడ. అడిగితే దొరకని జవాబులు పూజ పుణ్యమా అని వరసగా వచ్చాయి. శైలశ్రీ భర్తకు సైగ చేసింది. అతను తల్లి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఆవిడ ఎడమ చేతిని కింద నుంచి తన రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాడు. లింగం అరచేతిలోకి వచ్చింది. ఒక మారేడు ఆకు, రెండు చుక్కల నీళ్ళు. పూజ అయింది. లింగం మళ్ళీ వెండి కాయలోకి వెళ్ళింది. బసలింగమ్మ గోళీ నమిలి, చేదుకు ముఖం చిట్లించింది.

“నడువు అవ్వా, మెల్లగ దిగుదాం.”

“నడవనియ్యకు!” శైలశ్రీ గట్టిగా అంది. “ఒక్క మెట్టు గూడ. కుర్చీల కూసోపెట్టి దింపుండ్రి.”

దుకాణంలో బస్తాలు మోసే దశరథ్‌ను పైకి పిలిచారు. అతను ఒకవైపు, నందీశ్వర్ ఒకవైపు ప్లాస్టిక్ కుర్చీ పట్టుకుని మెట్లు దిగారు. ఎదురు దుకాణం వాళ్ళు లేచి నిలబడి చూశారు. బసలింగమ్మ నెత్తి మీద కొంగు ముందుకు లాక్కుంది. పల్లకీలో ఊరేగించినా ఇంత సిగ్గుపడేది కాదు.

కారులో వెనక సీట్లో అత్తా కోడలూ కూర్చున్నారు. పెళ్ళయిన కొత్తలో బోరంచ నల్లపోచమ్మ గుడికి వెళ్ళినప్పుడు ఇలా పక్కపక్కన కూర్చున్నారు. బసన్న పోయిన తర్వాత మళ్ళీ ఇదే. శైలశ్రీ వేళ్ళు నాడి మీదే ఉన్నాయి. ముందు ట్రాలీ ఆటో ఒకటి పత్తి బస్తాలతో అడ్డంగా నిలిచిపోయింది. నందీశ్వర్ హారన్ మీంచి చెయ్యి తీయలేదు.

“నందీ,” అంది బసలింగమ్మ. “అడుగు. నా అన్నకు ఎందుకు తీసింది?”

నందీశ్వర్ వెనక్కి తిరగలేదు. ఇన్నాళ్ళూ ఎన్ని మాటలు మోశాడో గానీ దీన్ని మోయడం అతని వల్ల కాలేదు. శైలశ్రీయే అతని వీపుకు చెప్పింది.

“మామ గుండె ఆగిపోయింది. రొమ్ము మీద కరెంటు పెట్టాలె. అక్కడ వెండి ఉంటె కాలుతది. అందుకే తీసిన.”

“తట్టల ఎందుకు పెట్టిందట?”

“చేతిల పట్టుకుంటె రొమ్ము ఒత్తేదెవరు?”

“కొంగుల ముడేసుకోరాదా?”

“గీ డ్రెస్సుకు కొంగుండదు.”

బసలింగమ్మ తల తిప్పి కోడలి నీలం డ్రెస్సును మెడ నుంచి మోకాళ్ళ దాకా చూసింది. రోజూ కళ్ళ ముందు తిరిగే బట్టే. దానికి కొంగు లేదన్న సంగతి ఆవిడ ఇప్పుడే గమనించినట్టుంది.

“మీకు అప్పజెప్పే ముందల మళ్ళ మామ మెడలనే వేసిన,” అంది శైలశ్రీ. “అది అత్తమ్మకు ఎవ్వరు చెప్పలేదా?”

“పోయినంక వేస్తె ఏం లాభం.”

శైలశ్రీ మళ్ళీ నాడి లెక్కపెట్టింది. పత్తి ఆటో కదిలింది.

“నాకు గూడ తీస్తదా అడుగు,” అంది బసలింగమ్మ, ఈసారి చాలా మెల్లగా.

“ఈసీజీకి తీసే పని లేదు. దారం మెడలనే ఉంటది. లింగం చేతిల పట్టుకుంటె చాలు.”

“ఆ తర్వాత?”

‘తియ్యం’ అని ఒక్క మాట అంటే ఆవిడ నిమ్మళపడేది. ఆ మాట శైలశ్రీ నాలుక చివరిదాకా వచ్చింది. కానీ తర్వాత సంగతి తన చేతిలో లేదు. “ఈసీజీ చూసినంక చెప్తనని చెప్పు,” అంది.

నర్సింగ్ హోంలో నిరోష మంచం సిద్ధంగా ఉంచింది. బసలింగమ్మ పడుకుని, తనంతట తనే లింగకాయను రొమ్ము మీంచి పక్కకు లాగి ఎడమ అరచేతిలో పెట్టుకుంది. దారం మెడలోనే ఉంది. శైలశ్రీ కాళ్ళకూ చేతులకూ క్లిప్పులు పెట్టి, రొమ్ము మీద జెల్లు రాసి, రబ్బరు బుడ్లు ఒక్కొక్కటే అంటించింది. లింగం రోజూ ఆనే చోట చర్మం మీద నల్లటి గుండ్రటి మచ్చ ఉంది. ఒక బుడ్డి సరిగ్గా దాని పక్కనే వచ్చింది.

“కదలొద్దని చెప్పు,” అంది శైలశ్రీ. నందీశ్వర్ చెప్పాడు.

మిషన్లోంచి కాగితం జరిగి వచ్చింది. గీత ఎగిరింది. దిగాల్సిన చోటికి దిగకుండా ఎత్తులోనే కాస్త దూరం సాగింది. మళ్ళీ ఎగిరింది. మళ్ళీ అంతే. బసన్న కాగితం కూడా ఇలాగే వచ్చింది. శైలశ్రీ కాగితం చింపి, మీద పేరు రాసి, డాక్టర్ కోమల చేతికిచ్చింది. ముఖంలో ఏమీ కనబడనివ్వలేదు. అత్త మాత్రం కాగితాన్ని వదిలేసి కోడలి ముఖాన్నే చూస్తోంది.

డాక్టర్ కోమల నందీశ్వర్‌ను వరండాలోకి తీసుకెళ్ళింది. తలుపు తెరిచే ఉంది.

“గుండెకు రక్తం తీసుకుపోయే నాళం మూసుకుపోయింది. గడ్డ కరిగే ఇంజెక్షన్ ఇక్కడే ఇచ్చి, ఆ తర్వాత హైదరాబాద్ పంపిద్దాం. బీదర్ దాక పోయి ఉంటె ఏమయ్యేదో చెప్పలేను. ఇప్పుడు కూడ గుండె తాళం తప్పొచ్చు. మేం అన్నీ దగ్గర పెట్టుకుంటం. నువ్వు మెడికల్ షాపుకు పోయి ఈ మందు తీసుకురా, ఉరుకు.”

నందీశ్వర్ చెప్పుల చప్పుడు మెట్ల మీద దూరమయింది. డాక్టర్ హైదరాబాద్‌కు ఫోన్ చేయడానికి పక్క గదిలోకి వెళ్ళింది. నిరోష కరెంటు పెట్టే మిషన్ను మంచం పక్కకు తోసి, ఆక్సిజన్ తేవడానికి పోయింది. గదిలో అత్తా కోడలూ మిగిలారు.

బసలింగమ్మ ఆ మిషన్ను చూసింది.

“నందీ,” అంది. “నా అన్నకు పెట్టింది గిదేనా అడుగు.”

నందీశ్వర్ గదిలో లేడు. లేడని ఆవిడకు తెలుసు. శైలశ్రీ ఖాళీ గుమ్మం వైపు చూసింది.

“గిదేనని చెప్పు.”

“నాకు గూడ పెడ్తరా?”

“అవసరం పడకపోవచ్చని చెప్పు. పడొచ్చని గూడ చెప్పు.”

బసలింగమ్మ కాసేపు పైన తిరిగే ఫ్యాన్‌ను చూస్తూ పడుకుంది. తర్వాత దిండు మీంచి తల కొద్దిగా ఎత్తి, కుడి చేత్తో మెడలోని దారం పట్టుకుని పైకి లాగింది. సిగ దగ్గర చిక్కుకుంది. శైలశ్రీ సాయం చేయడానికి చెయ్యి చాపి, మధ్యలోనే ఆపేసింది. బసలింగమ్మ చిక్కు తనే విడదీసుకుంది. ఊహ తెలిసిన నాటి నుంచి ఒంటి మీంచి దిగని దారం తల మీదుగా బయటికి వచ్చింది.

“వేరేటోళ్ళు తీసేదాక ఎందుకు? నేనే తీసిచ్చినని చెప్పు,” అంది, చెయ్యి గాలిలోకి చాపి. “స్టీలు తట్టల మాత్రం పెట్టొద్దని చెప్పు.”

“సరేనని చెప్పు,” అంది శైలశ్రీ. లింగకాయను రెండు చేతులతో అందుకుంది. అది ఇంకా వెచ్చగా ఉంది.

సూది పెట్టాలి. సూది పెట్టాలంటే రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. పక్క బల్ల మీద దూదీ, కత్తెరా, ఆ స్టీలు తట్టా తప్ప ఇంకేం లేవు. డ్రెస్సుకు కొంగు లేదు. నేల మీద పెట్టేది కాదు, జేబులో వేసేది కాదు. శైలశ్రీ డ్రెస్సు కింద, మెడలో తన లింగం తనకుంది. ఒక మెడలో రెండు లింగాలు వేసుకోవడం వాళ్ళలో లేదు. వేసుకోకూడదని కూడా ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు, అలాంటి అవసరం ఎవరికీ వచ్చి ఉండదు.

ఆమె అత్త దారాన్ని తన తల మీంచి మెడలో వేసుకుంది. వెండికి వెండి తగిలి చిన్న చప్పుడయింది.

బసలింగమ్మ చూసింది. ఏదో అనబోయి నోరు తెరిచింది. అది చెప్పడానికి నందీశ్వర్ లేడని అప్పుడే గుర్తొచ్చినట్టు మూసుకుంది. కుడి చెయ్యి మాత్రం తనే చాపింది.

శైలశ్రీ నరం వెతికి సూది పెట్టింది. ప్లాస్టర్ అంటిస్తూ తలెత్తి చూసింది. ఈసీజీ కోసం పక్కన పెట్టుకున్న అత్త ఎడమ చెయ్యి మళ్ళీ రొమ్ము మీదికి చేరింది. వేళ్ళు ముడుచుకున్నాయి. నుదుటి మీద చెమట కొత్తగా పోస్తోంది.

“మేడమ్!” శైలశ్రీ సూది మీంచి చెయ్యి తీయకుండానే కేకేసింది. “మేడమ్, జల్దీ రండి!”

లింగం కోడలి మెడలో ఉంది. బసలింగమ్మ పిడికిలి మాత్రం రొమ్ము మీదే ఉంది, లోపల ఏమీ లేకుండా, అంతకంతకూ బిగుసుకుంటూ.